ముద్ర ఒక్కటే చాలదు, సాక్ష్యం కావాలి



దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పరదేశపు పాలకులకు ఇస్లాం సందేశాన్ని తెలుపుతూ లేఖలు వ్రాయించదలచినప్పుడు, ముద్ర లేని లేఖను ఆ పాలకులు చదవరని సహచరులు మనవి చేశారు. అప్పుడు ఆయన ఒక వెండి ఉంగరాన్ని చేయించి, దానిపై 'ముహమ్మద్ రసూలుల్లాహ్' అనే మాటలను మూడు పంక్తులలో చెక్కించారు. హజ్రత్ అనస్ (రజి) ద్వారా ఈ విషయం మనకు చేరింది. అంతటితో ఆగక, ఆ అక్షరాలను మరెవ్వరూ తమ ఉంగరాలపై చెక్కించుకోరాదని కూడా ప్రవక్త (స) ఆజ్ఞాపించారు.

ఈ ఆజ్ఞ వెనుక ఉన్న వివేకాన్ని గమనించండి. ముద్రకు విలువ వెండి వల్ల రాదు, అక్షరాల అందం వల్ల రాదు. అటువంటిది మరొకటి లేకపోవడం వల్ల వస్తుంది. రెండవది పుట్టిన రోజున మొదటిది కూడా నమ్మకాన్ని కోల్పోతుంది. ఆ ఉంగరం ప్రవక్త (స) తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి), ఆపై హజ్రత్ ఉమర్ (రజి), ఆపై హజ్రత్ ఉస్మాన్ (రజి) చేతికి చేరింది. ఉస్మాన్ (రజి) పాలనాకాలంలో అది అరీస్ బావిలో జారిపడింది. మూడు రోజులు వెదికారు, బావి నీటినంతా తోడించారు, అయినా దొరకలేదు. ఒక ఉంగరం కోసం అంత శ్రమ ఎందుకు పడ్డారో ముద్ర విలువ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ముద్రను దొంగిలించేవారు కూడా ఆనాడే ఉన్నారు. ఇబ్నె ఖుదామా తమ 'అల్ ముగ్నీ' గ్రంథంలో తాజీర్ శిక్షలను చర్చిస్తూ ఒక ఉల్లేఖనాన్ని పేర్కొన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఒక వ్యక్తి బైతుల్ మాల్ ముద్రను పోలిన ముద్రను చేయించి, దానిని ఖజానా అధికారికి చూపి ధనం తీసుకున్నాడు. విషయం తెలిసి ఉమర్ (రజి) అతనిని కొరడాలతో కొట్టించి, చెరసాలలో ఉంచి, చివరకు ఊరి నుండి వెళ్ళగొట్టారు. నకిలీ ముద్ర, ఖజానా అధికారి, చేతికందిన సొమ్ము: పధ్నాలుగు శతాబ్దాల నాటి ఈ మోసంలో నేటి కార్డు మోసాల మూలసూత్రమంతా ఉన్నది.

ఈనాడు మన ఇళ్ళలో ఒక్కొక్కరికి అటువంటి ఉంగరాలు నాలుగైదు ఉన్నాయి. బ్యాంకు కార్డు, ఆధార్, పాస్‌పోర్టు, రేషన్ కార్డు, ఓటరు కార్డు. అన్నిటికంటె ముఖ్యమైనది మన వేలి కొనన ఉన్నది. వీటిని ఎవరు ఎలా కాపాడుతున్నారో, కాపాడే పనిలో మన వాటా ఎంతో ఈ నెల తెలుసుకుందాం.

వ్రాత వ్రాతను పోలి ఉంటుంది

మన మదరసాలలో బోధించే హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం 'హిదాయా'లో 'ఒక ఖాజీ మరొక ఖాజీకి వ్రాసే లేఖ' అనే అధ్యాయం ఉన్నది. ఒక పట్టణంలో విన్న సాక్ష్యాన్ని మరొక పట్టణపు న్యాయస్థానానికి పంపవలసి వస్తే ఆ లేఖను ఎలా నమ్మాలి? లేఖపై ఖాజీ ముద్ర ఉన్నది కదా, అది చాలదా? చాలదని మన ఇమాములు అన్నారు. ఒకరి వ్రాత మరొకరి వ్రాతను పోలి ఉండవచ్చునన్నది వారు చూపిన కారణం. అందువల్ల లేఖలోని విషయాన్ని సాక్షులకు చదివి వినిపించాలి, వారి ఎదుటే ముద్ర వేసి వారికి అప్పగించాలి, అవతలి ఖాజీ ఎదుట ఆ సాక్షులు నిలబడి ఇది ఫలానా ఖాజీ లేఖేనని చెప్పాలి. ఇమాం అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) స్వయంగా న్యాయపీఠంపై కూర్చుని కష్టసుఖాలు తెలుసుకున్న తరువాత ఈ షరతులను కొంత సడలించారు. కాని సాక్షులు అవసరమన్న మాటను మాత్రం ఆయన విడువలేదు.

విద్యార్థులు ఈ పాఠం చదివేటప్పుడు, ఈ కాలంలో దీని అవసరమేమిటని అడుగుతూ ఉంటారు. అవసరం ఎంతో ఉన్నది. గుర్తు వేరు, సాక్ష్యం వేరు. గుర్తు మౌనంగా ఉంటుంది, దానిని నకలు చేయవచ్చు. సాక్షి అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెబుతాడు. కార్డుల భద్రతలో గత యాభై ఏండ్లుగా జరిగిన మార్పు అంతా మౌనంగా ఉన్న గుర్తును జవాబు చెప్పే సాక్షిగా మార్చే ప్రయత్నమే.

నల్లపట్టీ నుండి చిప్పు దాకా

పాత బ్యాంకు కార్డుల వెనుక నల్లని అయస్కాంత పట్టీ ఉండేది. కార్డు సంఖ్య, గడువు తేదీ, మరికొన్ని అంకెలు అందులో వ్రాయబడి ఉండేవి. యంత్రంలో ఎన్నిసార్లు గీచినా అది అవే అంకెలు చెప్పేది. దుకాణంలోనో ఏటీఎం ముఖద్వారంలోనో దొంగ ఒక చిన్న పరికరాన్ని అమర్చితే ఆ అంకెలన్నీ అతని చేతికి చిక్కేవి. వాటిని మరొక ఖాళీ కార్డుపై ఎక్కిస్తే బ్యాంకుకు రెండింటికీ తేడా తెలిసేది కాదు. హిదాయా భాషలో చెప్పాలంటే, వ్రాత వ్రాతను పోలి ఉండేది.

చిప్పు ఈ లోపాన్ని సరిదిద్దింది. ఫ్రాన్సు దేశస్థుడు రోలాండ్ మొరేనో 1974లో ఈ ఆలోచనకు పేటెంటు కోరాడు. కార్డు ముందువైపు కనిపించే ఆ బంగారు రంగు చతురస్రం కింద ఒక అతి చిన్న కంప్యూటర్ ఉంటుంది. అందులో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది ఎన్నడూ బయటకు రాదు. మనం సొమ్ము చెల్లించే ప్రతిసారీ దుకాణంలోని యంత్రం ముందుగా ఊహించలేని ఒక కొత్త అంకెను చిప్పుకు పంపుతుంది. చిప్పు ఆ అంకెను, చెల్లించవలసిన మొత్తాన్ని తన రహస్య సంఖ్యతో కలిపి లెక్కకట్టి ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబు సరైనదో కాదో బ్యాంకు తేల్చుతుంది. ఒక బేరానికి వచ్చిన జవాబు మరొక బేరానికి పనికిరాదు. దొంగ దానిని విన్నా అతనికి ప్రయోజనం లేదు. ఇదే జవాబు చెప్పే సాక్షి.

మన దేశంలో రిజర్వు బ్యాంకు ఈ మార్పును తప్పనిసరి చేసింది. పట్టీ మాత్రమే ఉన్న కార్డులను మార్చడానికి 2018 డిసెంబరు 31ని గడువుగా నిర్ణయించింది. 2020లో వచ్చిన నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మొదట ఈ దేశంలోని ఏటీఎంలలో, దుకాణాలలోని యంత్రాలపై మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్ కొనుగోళ్ళకు, విదేశాలలో వాడకానికి, తాకించి చెల్లించే పద్ధతికి కార్డుదారుడే తన ఇష్టంతో అనుమతి ఇవ్వాలి. 2022 అక్టోబరు 1 నుండి ఆన్‌లైన్ వ్యాపార సంస్థలు మన కార్డు సంఖ్యను తమ వద్ద దాచుకోరాదు. దాని బదులు 'టోకెన్' అనే ప్రతినిధి సంఖ్యను వాడాలి. ఆ టోకెన్ దొంగ చేతికి చిక్కినా మరొక దుకాణంలో చెల్లదు.

గోడ ఇంత బలంగా కట్టిన తరువాత దొంగ తలుపు తట్టడం మొదలుపెట్టాడు. చిప్పును నకలు చేయలేనివాడు ఫోను చేసి ఓటీపీ అడుగుతున్నాడు. సాక్షిని మోసగించలేనివాడు యజమానినే మాయమాటలతో లొంగదీసుకుంటున్నాడు. ఓటీపీని, పిన్‌ను, కార్డు వెనుకనున్న మూడంకెలను ఎవరికీ చెప్పవద్దనే మాట మనం వందసార్లు విన్నాం. మన ఇళ్ళలోని పెద్దవారికి మరొకసారి చెప్పడంలో దోషం లేదు.

సికింద్రాబాద్ నుండి వెలువడే పాస్‌పోర్టు

ఉమ్రాకు, హజ్‌కు, గల్ఫ్ దేశాలలో ఉపాధికి వెళ్ళేవారికి సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం బాగా పరిచయమే. మన దేశంలో 2024 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైన ఇ-పాస్‌పోర్టులను ఇప్పుడు ఈ కార్యాలయం నుండి కూడా ఇస్తున్నారు. అట్టపై కింది భాగాన చిన్న బంగారు రంగు గుర్తు ఉంటే అందులో చిప్పు ఉన్నట్లు. పాత పాస్‌పోర్టు ఉన్నవారు తొందరపడి మార్చుకోనక్కరలేదు. గడువు తీరేదాకా అది చెల్లుతుంది.

పాస్‌పోర్టులో వివరాలున్న పుట అడుగుభాగాన రెండు వరుసల అక్షరాలు, అంకెలు, బాణపు మొనల వంటి గుర్తులు ఉంటాయి. ఒక్కొక్క వరుసలో సరిగ్గా 44 స్థానాలు. వాటి మధ్య కొన్ని 'తనిఖీ అంకెలు' ఉన్నాయి. పాస్‌పోర్టు సంఖ్యను, పుట్టిన తేదీని, గడువు తేదీని ఒక నియమం ప్రకారం గుణించి కూడితే ఆ అంకెలు రావాలి. ఆధార్‌లోని పన్నెండవ అంకె, బ్యాంకు కార్డులోని చివరి అంకె కూడా ఇటువంటివే. ఇవి పొరపాటును పట్టుకుంటాయి గాని మోసాన్ని పట్టుకోలేవు. లెక్క తెలిసిన మోసగాడు సరైన తనిఖీ అంకెనే వేస్తాడు.

మోసాన్ని పట్టుకునేది చిప్పు. అందులోని పేరు, ఫొటో, ఇతర వివరాలపై మన ప్రభుత్వపు డిజిటల్ సంతకం ఉంటుంది. ఎవరైనా ఫొటోను మార్చితే ఆ సంతకం పొసగదు. విదేశీ విమానాశ్రయంలోని యంత్రం అది భారత ప్రభుత్వపు సంతకమేనా అని అక్కడికక్కడే పరీక్షించగలదు. ఒక పట్టణపు ఖాజీ వ్రాసిన లేఖ మరొక పట్టణపు ఖాజీ ఎదుట రుజువు కావడమంటే ఇదే. మరొక జాగ్రత్త కూడా ఉన్నది. పాస్‌పోర్టును తెరచి, లోపలి వరుసలను యంత్రం చదివిన తరువాతే చిప్పు మాట్లాడుతుంది. సంచిలో మూసి ఉన్న పాస్‌పోర్టు నుండి పక్కన నిలబడినవాడు వివరాలను రాబట్టుకోలేడు.

అజీజుల్ హక్ గారి లెక్క

ఇక వేలిముద్ర సంగతి. దీని చరిత్రలో మన దేశానికి, అందులో ఒక ముస్లిం గణితజ్ఞునికి గొప్ప స్థానం ఉన్నది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి ఒక గుత్తేదారు చేత ఒప్పందపత్రంపై అరచేతి ముద్ర వేయించాడు. సంతకం తనది కాదని ఆ గుత్తేదారు తరువాత అనకుండా ఉండాలని ఆయన ఉద్దేశం. వేలిముద్రలను సేకరించడం తేలికే. వేలాది ముద్రలలో ఒకదానిని వెదకి పట్టుకోవడమే కష్టం. ఆ చిక్కుముడిని కలకత్తాలో ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన ఇద్దరు భారతీయ పోలీసు అధికారులు, ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ విప్పారు. ఖుల్నా ప్రాంతీయుడైన అజీజుల్ హక్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం చదివినవారు. పది వేళ్ళ రేఖల తీరును బట్టి ముద్రలను 1,024 గదులలోకి విభజించే గణిత పద్ధతిని ఆయన రూపొందించారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల విభాగం ఏర్పడింది. ఈ పద్ధతి 1901లో లండన్ నగర పోలీసులకు చేరింది. పేరు మాత్రం 'హెన్రీ పద్ధతి' అని నిలిచిపోయింది.

ఈ సందర్భంలో ఒక మాట. దివ్యఖుర్‌ఆన్‌లోని అల్ ఖియామహ్ సూరాలో, మనిషి వేలి కొనలను సైతం సరిగా పునర్నిర్మించగల శక్తి తనకు ఉన్నదని అల్లాహ్ ప్రకటించాడు. కొందరు వక్తలు దీనిని వేలిముద్రల శాస్త్రానికి ముందస్తు ప్రకటనగా చెబుతుంటారు. వేలి కొనలలో అల్లాహ్ నిక్షేపించిన అద్భుతాన్ని చూసి ఆశ్చర్యపడడం మంచిదే. అయితే ఆ వాక్యాల ఉద్దేశం పునరుత్థానాన్ని గుర్తు చేయడం. ఎముకలను తిరిగి కూర్చడం అసాధ్యమన్న అవిశ్వాసికి అది జవాబు. ఆ జవాబును వదలి శాస్త్రాన్ని మాత్రమే పట్టుకుంటే చిగురు దొరికి వేరు పోయినట్లు అవుతుంది.

దస్తావేజు మీద మిగిలిన వేలు

వేలిముద్ర ఇద్దరికి ఒకే విధంగా ఉండదు, నిజమే. కాని అది రహస్యం కాదు. గాజు గ్లాసు మీద, తలుపు గొళ్ళెం మీద, మనం వేసిన ప్రతి కాగితం మీద అది మిగిలిపోతుంది. ఈ తేడా తెలియక జరిగిన నష్టానికి మన రాష్ట్రమే ఉదాహరణ.

2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని అరెస్టు చేశారు. అతడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుండి భూముల, ఇళ్ళ దస్తావేజులను దించుకున్నాడు. వాటిపై అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు, ఆధార్ సంఖ్యలు రెండూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే యంత్రంతోనే ఆ ముద్రలకు నకిలీ వేళ్ళు చేసి, వాటిని పరికరంపై ఉంచి, ఆ వ్యక్తుల పేర వేల సంఖ్యలో సిమ్ కార్డులను చెల్లుబాటు చేయించాడు. కంపెనీ విధించిన అమ్మకాల లక్ష్యాన్ని చేరడానికే ఇదంతా చేసినట్లు విచారణలో తేలింది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మరొక అడుగు ముందుకు వేసింది. దస్తావేజుల నుండి తీసిన వేలిముద్రలతోనే జనం బ్యాంకు ఖాతాల నుండి లక్షల రూపాయలు తీసుకున్నది.

ఇది ఎలా సాధ్యపడింది? ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో కార్డు అక్కరలేదు, పిన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉంటే చాలు. ఒక్కసారికి పదివేల రూపాయల దాకా తీసుకోవచ్చు. చదువురాని పేదవారికి, బ్యాంకు శాఖ లేని గ్రామాలకు ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు. మైళ్ళ దూరం నడవలేని వితంతువు తన ఊరి దుకాణంలోనే పింఛను సొమ్ము అందుకోగలిగింది. కాని ఇందులో మనం మొదట చెప్పుకున్న సూత్రం మరుగునపడింది. చిప్పు వచ్చి నల్లపట్టీని తొలగించిన కాలంలోనే పేదవాని వేలు మరొక నల్లపట్టీ అయింది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు చెప్పే గుర్తు అది. పైగా కార్డు పోతే బ్యాంకు కొత్త కార్డు ఇస్తుంది, ఉంగరం పోతే మరొక ఉంగరం చేయించుకోవచ్చు. వేలిముద్ర పోతే అల్లాహ్ ఇచ్చిన వేలికి బదులు మరొకటి ఎక్కడి నుండి తెస్తాం?

ఆ తరువాత ప్రభుత్వం మేల్కొన్నది. వేలు సజీవమైనదా, రబ్బరుదా అని తేల్చే పద్ధతిని 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ ప్రకటించింది. రేఖల లెక్కతో పాటు వేలి చిత్రాన్ని కూడా పరీక్షించి నకిలీని గుర్తించడం అందులోని కీలకం. పాత పరికరాల స్థానంలో, పరికరం లోపలే ముద్రను రహస్య లిపిలోకి మార్చే 'ఎల్1' పరికరాలు వచ్చాయి. ఇవి మంచి మార్పులు. కాని నకిలీ వేలు అవసరం లేని మోసం ఒకటి మిగిలే ఉన్నది. అసలు మనిషి అసలు వేలినే మోసపుచ్చి పెట్టించడం.

"వేలు సరిగా పడలేదమ్మా, ఇంకొకసారి పెట్టండి." వృద్ధురాలు పెడుతుంది. మొదటిసారి పడింది, రెండవసారీ పడింది. చేతికి వచ్చింది ఒక్కసారి సొమ్ము, ఖాతా నుండి పోయింది రెండుసార్ల సొమ్ము. బీడీలు చుట్టి, బట్టలు ఉతికి, గిన్నెలు తోమి వేళ్ళు అరిగిన తల్లులకు నిజంగానే ఒక్కోసారి వేలు పడదు. అందుకే ఆ మాటను వారు అనుమానించరు. నిజాయితీపరులైన ఏజెంట్లే ఎక్కువమంది. అయినా కొద్దిమంది చేసే ఈ పనికి బలయ్యేది అందరికంటె బలహీనులు.

దివ్యఖుర్‌ఆన్ అన్నిసా సూరాలో, పరస్పర సమ్మతితో జరిగే వర్తకం ద్వారా తప్ప ఒకరి సొమ్మును మరొకరు తినరాదని అల్లాహ్ ఆదేశించాడు. ఇక్కడ 'సమ్మతి' అన్న మాట ముఖ్యం. వేలు ఆనించడం వేరు, సమ్మతించడం వేరు. దేనికి పెడుతున్నదో, ఎంతకు పెడుతున్నదో తెలియని వేలు సమ్మతికి సాక్ష్యం కాదు. ముద్ర వేసే ముందు లేఖను సాక్షులకు చదివి వినిపించాలని హిదాయా ఎందుకన్నదో ఇప్పుడు స్పష్టమవుతుంది.

ఇంట్లో చేయవలసినవి

మొదటిది: ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో గాని, వారి మొబైల్ యాప్‌లో గాని 'బయోమెట్రిక్ లాక్' సదుపాయం ఉన్నది. తాళం వేస్తే ఎవరు నకిలీ వేలు పెట్టినా చెల్లదు. అవసరమైనప్పుడు కొద్ది నిమిషాల పాటు మనమే తెరచుకోవచ్చు. దీనికి ఆధార్‌తో మొబైల్ సంఖ్య జతపడి ఉండాలి. వేలిముద్రతోనే రేషన్, పింఛను తీసుకునే పెద్దల విషయంలో, తాళం తీసి ఇచ్చే మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో ముందుగా చూసుకోండి. తాళం వేసి మరచిపోతే వారు దుకాణం నుండి వట్టి చేతులతో తిరిగి వస్తారు.

రెండవది: ఆధార్ వేలిముద్రతో సొమ్ము తీసుకునే అవసరం మీకు లేకపోతే, మీ ఖాతాకు ఆ సదుపాయాన్ని నిలిపివేయగలరేమో మీ బ్యాంకు శాఖలో అడగండి.

మూడవది: నకలు ఇవ్వవలసి వచ్చినప్పుడు 'మాస్క్‌డ్ ఆధార్' ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపిస్తాయి. జిరాక్సు ఇచ్చేటప్పుడు దేనికోసం, ఏ తేదీన ఇస్తున్నారో దానిపై అడ్డంగా వ్రాసి సంతకం చేయండి.

నాలుగవది: ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు, పనివారిని పెట్టుకునేటప్పుడు చూపిన ఆధార్‌ను కళ్ళతో చూసి నమ్మకండి. కార్డుపై ఉన్న క్యూఆర్ కోడ్‌కు ఆధార్ సంస్థ డిజిటల్ సంతకం ఉన్నది. వారి యాప్‌తో దానిని చదివిస్తే అసలు పేరు, ఫొటో కనిపిస్తాయి. ఎదుటి కార్డు మీది ఫొటోతో పోల్చండి. అచ్చు వేసిన కాగితం గుర్తు మాత్రమే, సంతకం ఉన్న కోడ్ సాక్షి.

ఐదవది: అమ్మీ, దాదీమా, నానీమాల ఖాతాలకు ఇంట్లో ఎవరో ఒకరు బాధ్యత వహించండి. సొమ్ము తీసుకున్న ప్రతిసారీ రసీదు అడగమనండి. 'పడలేదు' అన్నప్పుడు కూడా రసీదు అడగాలి. మెసేజ్ రాకుండా సంఖ్య మారిపోయి ఉంటే బ్యాంకులో సరిచేయించండి. ఆధార్ వెబ్‌సైట్‌లో గత ఆరు నెలలలో మన ఆధార్ ఎక్కడెక్కడ వాడబడిందో చూసుకునే వీలు కూడా ఉన్నది.

ఆరవది: సొమ్ము పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలపండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పు గాని ఖాతాదారుని తప్పు గాని లేకుండా మధ్యలో జరిగిన మోసాన్ని మూడు పనిదినాలలోపు తెలిపితే ఖాతాదారునిపై నష్టభారం ఉండదు. నాలుగు నుండి ఏడు దినాలయితే కొంత భారం పడుతుంది. ఆ తరువాత బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది. 'మన అదృష్టం ఇంతే' అని నిట్టూర్చి కూర్చోవడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయడం తవక్కుల్.

మన సంస్థలకు ఒక మనవి

ఇంతవరకు మన ముద్రను ఇతరుల నుండి కాపాడుకునే సంగతి చెప్పుకున్నాం. ఇతరుల ముద్రలు మన చేతిలో ఉన్నప్పుడు మనం ఏమి చేస్తున్నాం?

మసీదు కమిటీ జకాత్ పంపిణీకి ఆధార్ నకళ్ళు తీసుకుంటుంది. మదరసా హాస్టల్ ప్రవేశాలకు తీసుకుంటుంది. నికాహ్ సియాహా కోసం వధూవరుల, సాక్షుల పత్రాలు తీసుకుంటాం. ఉపకారవేతనాలకు, వైద్య శిబిరాలకు, ఉమ్రా బృందాలకు పాస్‌పోర్టు ఫొటోలు వాట్సాప్‌లో పంపించుకుంటాం. పని పూర్తయిన తరువాత ఆ కాగితాలు ఏమవుతున్నాయి? ఎన్నో చోట్ల బీరువా మీద దుమ్ములో ఉంటాయి, లేదా పాత కాగితాల వారికి తూకానికి వెళ్ళిపోతాయి. ఒక పేద సోదరి జకాత్ కోసం చేయి చాచి ఇచ్చిన కాగితం, ఆమె ఖాతాను ఖాళీ చేసే సాధనం కావచ్చు.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ ఆజ్ఞ. అమానతు అంటే ధనం మాత్రమే కాదు. ఒకరి ఆధార్ సంఖ్య, ఒకరి సంతకం, ఒకరి వేలిముద్ర కూడా అమానతే. కాబట్టి కమిటీల పెద్దలకు నా మనవి ఇది. అవసరమైనంతే అడగండి. నిండు సంఖ్య అక్కరలేని చోట మాస్క్‌డ్ నకలు తీసుకోండి. కాగితాలను తాళంలో ఉంచండి. పని ముగిసిన తరువాత వాటిని చించివేసి, ఫోనులోని ఫొటోలను తుడిచివేయండి. ఎవరి పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఒక చిన్న పుస్తకంలో వ్రాసి పెట్టండి.

యువకులకు కూడా ఒక హెచ్చరిక. కొద్దిపాటి సొమ్ముకు ఆశపడి తమ బ్యాంకు ఖాతాను, సిమ్ కార్డును, ఆధార్‌ను అపరిచితులకు వాడుకోవడానికి ఇచ్చేవారు ఉన్నారు. దొంగ సొమ్ము ఆ ఖాతాల గుండానే పారుతుంది. తలుపు తట్టే పోలీసులు ముందుగా ఖాతాదారుని ఇంటికే వస్తారు. చట్టం సంగతి అలా ఉంచి ధర్మం చూడండి. 'ఈ సొమ్ము నాది, ఈ ఫోను నాది' అని మన పేరు పలికే ప్రతి పత్రం ఒక సాక్ష్యం. అది నిజం కానప్పుడు మనం అబద్ధపు సాక్ష్యం ఇచ్చినట్లే. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (స) ఘోర పాపాలలో లెక్కించారు.

నోళ్ళకు ముద్ర పడే ఒక దినం రానున్నదని యాసీన్ సూరా మనకు తెలుపుతున్నది. ఆనాడు చేతులు మాట్లాడతాయి, కాళ్ళు సాక్ష్యం పలుకుతాయి. ఆ న్యాయస్థానంలో నకిలీ వేలు చెల్లదు, నకలు చేసిన ముద్ర చెల్లదు. ఒక ముసలి తల్లి వేలిని పట్టుకుని రెండుసార్లు యంత్రంపై ఆనించిన చేయి ఆ పనిని తానే చెబుతుంది. ఆమె రసీదును చదివి వినిపించి, సొమ్మును లెక్కపెట్టి అప్పగించిన చేయి కూడా తానే చెబుతుంది.

యా అల్లాహ్! మాకు అప్పగించబడిన అమానతులను కాపాడే శక్తిని మాకు ప్రసాదించు. మా బలహీనుల సొమ్మును మోసగాళ్ళ నుండి రక్షించు. మా చేతులు మా పక్షాన సాక్ష్యం పలికేలా మా పనులను సరిదిద్దు. ఆమీన్.